మైత్రి పట్టాల్సిన దివిటీ

చిన్నారావూ, నీ నడుం నొప్పి తగ్గిందా? ప్రసూనకి కళ్ళు తిరగడం ఎలా ఉంది, మాత్రలు మానెయ్యలేదు కదా? మైత్రికి దగ్గు పోయిందా? టపాకాయల పొగ దానికి పడదు, నిన్నంతా అదే బెంగ. నా మోకాళ్ళ సంగతి సరే, బుద్ధి మాత్రం స్థిరంగా ఉంది. కీర్తిశేషులు సన్యాసిరావు భార్య అసిరమ్మ అనే నేను, లింగియాడీహ్‌లోని నా ఇంట్లో కూర్చుని, ఎవరి బలవంతమూ లేకుండా నా చేత్తో రాసుకున్న వీలునామా ఇది. పక్కింటి శంకరరావుగారు దీన్ని అమలు జరిపించాలి.

1. ఈ రెండు గదుల ఇల్లు నా కొడుకు చిన్నారావుకి. వెనక గది కారుతుంది. అమ్మినా సరే, ముందు పెంకులు మార్పించు.

2. ఇత్తడి బిందె కోడలు ప్రసూనకి. దాని సొట్ట నేను చేసింది కాదు, సామాన్లు దింపినప్పుడు వాళ్ళ అన్నయ్య చేశాడు. నా ఉన్ని శాలువా కూడా ఆమెకే. నెహ్రూ నగర్‌లో మీ మేడ మీద చలి ఎక్కువట.

3. దీపావళినాడు పోయిన పెద్దలకి దారి చూపే దివిటీ పట్టే హక్కు నా మనవరాలు మైత్రిది. మగపిల్లలే పట్టాలని మూడేళ్ళ కిందట దివిటీ కట్టిన గోగుకాడని దాని చేతిలోంచి నేనే లాక్కున్నాను. అప్పట్నుంచి మీరీ గుమ్మం తొక్కలేదు, ఇక్కడ దివిటీ వెలగలేదు.

నిన్న సంజవేళ ముగ్గురు వచ్చారు. నేను నిద్రపోలేదు, పొయ్యి మీద పాలుంటే నిద్రెలా పడుతుంది? ముందు మా అత్త అప్పలకొండ. "ఏటే అసిరీ, చీకట్లో తడుముకొని వచ్చినాను, నా కాళ్ళు చూడు" అంది. తరవాత మీ నాన్న. ఇంజన్ డ్రైవరు కదా, "అచ్ఛా, సిగ్నల్ ఇవ్వకుండా ఊరి బయట లాల్‌ఖదాన్ కాడ నిలబెట్టీసినావేటే" అని నవ్వాడు. బతికుండగా అలా నవ్విన మనిషి కాదు. మూడో ఆవిడ గేటు బయటే ఉండిపోయింది. దగ్గరికెళ్ళి చూస్తే నేనే. ఏ ఇంటికి వెళ్ళాలో తెలీక రోడ్డు మీద అటూ ఇటూ చూస్తోంది.

కాబట్టి మైత్రి చేతిలోంచి దివిటీ ఎవరూ తీసుకోకూడదు, పురోహితుడు చెప్పినా సరే. దానిది హిందీ బడి చదువు, తెలుగు చదవడం రాదు. ప్రసూనే చదివి వినిపించాలి, "లాక్కున్నాను" అన్న ముక్క వదలకుండా.

తేదీ 10-11-1988
సంతకం: అసిరమ్మ
సాక్షులు: వేణుగోపాల్ (రిటైర్డ్ గార్డు), కనకం

పోయాక చదవాల్సిన కాగితం ముందే పంపుతున్నాను. దీపావళి అయిపోయింది కదా అనకండి. మా అత్తా, మీ నాన్నా ఇంకా ముందు గదిలోనే కూర్చున్నారు. దివిటీ చూపించి సాగనంపకపోతే వాళ్ళెలా వెళ్తారు? పదమూడో తేదీ ఆదివారం, నాగుల చవితి. దీపాలు పెట్టే వేళకి ముగ్గురూ రండి. అంతవరకూ ఉండమని వాళ్ళకి చెప్పాను.