రెండువందల తొంభై గ్రాములు

మార్చి 3, సోమవారం

ఇవాళ్టి నుంచి తూకం నాది. పెద్ద సిస్టర్ మోకాళ్లు మొరాయించాయి. ఆవిణ్ణి కూర్చుని చేసే పనికి, ఇంజెక్షన్ గదికి మార్చారు. పద్దెనిమిదేళ్లు ఆవిడ నిలబడ్డ చోట ఇప్పుడు నేను. పిల్లల డాక్టరమ్మ గది బయట బల్ల, బల్ల మీద స్కేలు, స్కేలు మీద తువ్వాలు, తువ్వాలు మీద గుక్కపెట్టి ఏడ్చే జనాభా.

ఈ ఆస్పత్రిలో నేర్పడమంటే చూసి నేర్చుకో అనడమే. స్కేలు డబ్బా అడుగున దాన్ని వాడే పద్ధతి రాసిన కాగితం దొరికింది. ఇన్నేళ్లలో ఎవరూ మడత కూడా విప్పలేదు. డిక్షనరీ పక్కన పెట్టుకుని టీ టైంలో మొత్తం చదివాను. గుడ్డ పరిచి, జీరో నొక్కి, ఆ తర్వాతే బిడ్డను పడుకోబెట్టాలట. డైపర్ కూడా ఉండకూడదట. అలాగే చేశాను. యాభై ముగ్గురు. అందులో నలుగురు నా మీద పోశారు.

మార్చి 4

తల్లిదండ్రులకు సలహాల కాగితం చదివి వినిపించడం కూడా నా పనే. డాక్టరమ్మకు అంత తీరిక లేదు, ఒక్కో బిడ్డకు రెండు నిమిషాలు. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలే, మంచినీళ్లు కూడా వద్దు. తేనె నాకించొద్దు. వెల్లకిలా పడుకోబెట్టండి. రోజుకు ఆరుసార్లకు తక్కువ కాకుండా గుడ్డ తడిపితే పాలు చాలుతున్నట్టే. మూడు నెలల లోపు బిడ్డకు జ్వరం వస్తే ఇంట్లో మందు వేయకుండా వెంటనే తీసుకురండి. ఇదే పాట రోజుకు యాభైసార్లు. నిద్రలో కూడా చదువుతున్నానట, అక్క చెప్పింది.

అందరూ తలూపుతారు. ఊపి, మరి నీళ్లెప్పుడు పట్టాలమ్మా అంటారు. ఒక నాయనమ్మ, నీకెంతమంది పిల్లలే పిల్లా అని అడిగింది. లేరన్నాను. అయితే ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకో అంది. వరండా వరండా అంతా నవ్వింది. నాకు ఒళ్లు మండింది.

మార్చి 6, గురువారం

అక్క కొడుకును తీసుకొచ్చింది. బుడ్డోడికి ఏడు వారాలు. నేనుండేది అక్కాబావల ఇంట్లోనే, వాడి గుడ్డలుతికేది నేనే. ఇవాళ తూచిందీ నేనే. కార్డు మీద రెండు వారాల కిందట పెద్ద సిస్టర్ రాసిన అంకె ఉంది. దాని కింద నా అంకె వేశాను. తేడా డెబ్బై గ్రాములు. దగ్గర దగ్గర మూడొందలన్నా పెరగాలి.

డాక్టరమ్మ కార్డు చూసింది. పాలు చాలడం లేదంది. పాలిచ్చిన ప్రతిసారీ పైన డబ్బాపాలు పట్టమని రాసింది. తర్వాతి టోకెన్ పిలవమంది. అక్క వరండాలో గోడవైపు తిరిగి నిలబడింది. భుజాలు కదులుతున్నాయి. నేను తర్వాతి టోకెన్ పిలిచాను.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి బావ వాళ్లమ్మ స్పీకర్‌లో మోగిపోతోంది. మా ఇంటా వంటా లేదమ్మా ఈ పాలు చాలకపోవడం, నలుగురిని కన్నాను, నలుగురూ తాగలేక వదిలేసేవాళ్లు అంటోంది. బావ ఆ ఫోన్ పట్టుకుని కూర్చున్నాడు. నోరు విప్పింది నేను, అదీ అక్క మీదే. సరిగ్గా తినవు, సరిగ్గా పడుకోవు, ఇలా కాక ఇంకెలా అవుతుంది అన్నాను. పొద్దుట్నుంచి ఎవరినీ తిట్టలేక మింగినవన్నీ ఆమె మీద కక్కాను.

మార్చి 8

ఈ వారం ఏడుగురు తల్లులకు పాలు చాలడం లేదు. అందరికీ ఒక్కసారే ఏం మాయరోగం వచ్చింది?

మార్చి 11, మంగళవారం

నిన్నటి గుడ్డలు లెక్కపెట్టాను. తొమ్మిది తడిపాడు. డబ్బాపాలు మొదలవకముందు కూడా నేను పిండింది ఎనిమిదికి తగ్గలేదు. కాగితంలో ఆరు చాలన్నారు. యాభైసార్లు చదివే నోరు నాదే, ఉతికే చేతులూ నావే, ఒకదానికొకటి తెలియడానికి వారం పట్టింది.

పెద్ద సిస్టర్‌కు చెప్పాను. మరి బరువెందుకు పెరగలేదు అంది. నాలుగు ముక్కలు చదవగానే డాక్టర్లైపోతారు అంటూ సూది తీసుకుని వెళ్లిపోయింది.

మార్చి 15, శనివారం

బుడ్డోడు సీసా మరిగాడు. సీసాలో కష్టపడక్కర్లేదు, దానంతటదే నోట్లో పడుతుంది. అక్క రొమ్ము పట్టించబోతే వీపు విల్లులా వంచి కేకలు పెడుతున్నాడు. మొదట్లో చాలడం లేదన్న పాలు ఇప్పుడు నిజంగానే తగ్గుతున్నాయట. నేనంటే వీడికి గిట్టడం లేదే అంది అక్క. పిచ్చి మాటలు మానమన్నాను. బావ మాత్రం సీసా పట్టుకుని మురిసిపోతున్నాడు, తానూ పనికొస్తున్నానని. ఆ మురిపెం చూస్తే సీసా లాక్కుని నెత్తిన కొట్టాలనిపించింది. అతని తప్పేం లేదు. అయినా అనిపించింది.

మార్చి 17, సోమవారం, మధ్యాహ్నం 2:30

డ్యూటీ మధ్యలోనే రాస్తున్నాను. ఇంటికెళ్లేదాకా ఆగలేను.

పొద్దున టీకాకి ఒకతను కూతుర్ని తెచ్చాడు. లారీలు తూచే వేబ్రిడ్జిలో పని. పాపకు మూడు నెలలు, నెలలో మూడొందలే పెరిగింది. భార్య అప్పుడే కళ్లు తుడుచుకుంటోంది. అతను మాత్రం పాపను వదిలేసి స్కేలునే చూస్తున్నాడు. ఏంటండీ అన్నాను. మీరిప్పుడు తువ్వాలు వేసి ఏదో మీట నొక్కారు, కిందటిసారి పెద్దావిడ నొక్కలేదు అన్నాడు. గుర్తెలా ఉందన్నాను. తూకం చూడ్డమే కదమ్మా నా బతుకు అన్నాడు. మా దగ్గర ఖాళీ లారీ బరువు తీసెయ్యకుండా సరుకు బరువు రాస్తే, చెంప పగలగొట్టి పంపుతారు. మీరు కిందటి నెల లారీతో సహా తూచారా ఏంటి అని నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు.

లంచ్‌లో వరండా ఖాళీ అయ్యాక స్కేలు ఆన్ చేసి ఒట్టి తువ్వాలు పడేశాను. రెండువందల తొంభై గ్రాములు. పద్దెనిమిదేళ్లుగా ఆవిడ ప్రతి బిడ్డకూ తువ్వాలు కలిపి తూచింది. ప్రతిసారీ కలిపింది కాబట్టి పెరుగుదల తేడాగా కనిపించలేదు, ఎవరికీ తెలియలేదు. నేను వచ్చి, కాగితం చదివి, జీరో నొక్కి తువ్వాలు బరువు తీసేశాను. ఎవరికీ చెప్పకుండా. కార్డు మీద పై అంకె తువ్వాలుతో, కింది అంకె తువ్వాలు లేకుండా.

బుడ్డోడు డెబ్బై కాదు, మూడువందల అరవై పెరిగాడు. అక్క పాలతోనే.

అదే రోజు, సాయంత్రం

పెద్ద సిస్టర్‌కు చెబితే ముందు గయ్యిమంది, తర్వాత కుర్చీలో కూలబడింది. తర్వాత నా చెయ్యి పట్టుకుంది. ఇకమీద అన్నీ నీ అంకెలే, వచ్చే తూకానికి అన్నీ వాటంతటవే సర్దుకుంటాయి, డబ్బాపాలు తాగి ఎవరూ చావలేదు, నోరు మూసుకో తల్లీ అంది. నా రిటైర్మెంటుకు ఏడు నెలలుంది, నీ ఉద్యోగమింకా పర్మినెంటు కాలేదు, ఆలోచించుకో అంది.

ఆలోచించాను. నిజంగానే ఆలోచించాను. బస్సు దిగేదాకా.

మార్చి 18

డాక్టరమ్మకు చెప్పేశాను. తలుపు వేసి మరీ. పెద్ద సిస్టర్ పేరు చెప్పలేదు, చెప్పక్కర్లేకపోయింది. పద్ధతి మార్చేముందు నాకొక్క మాట చెప్పాలని తెలియదా, ఇదేమైనా మీ ఇల్లా అని అరిచింది. అది నిజమే, పడ్డాను. కానీ ఆవిడ ఆపలేదు. పదకొండుమంది తల్లులమ్మా, పదకొండుమంది అంది, నేనొక్కదాన్నే రాసినట్టు. అప్పుడు నా నోరు ఆగలేదు. బిడ్డ గుడ్డ ఎన్నిసార్లు తడుపుతోందో చూడమని కాగితంలో రాసింది మీరే కదా, ఈ పదకొండుమందిలో ఒక్కరినైనా అడిగారా అన్నాను.

చాలాసేపు చేతులు కడుక్కుంది. తర్వాత లేదు అంది. గట్టిగా కాదు. ఫోన్ తీసుకురా, కార్డులు తీసుకురా అంది. వరండాలో జనం గోల పెడుతున్నా లేవలేదు.

మార్చి 19, బుధవారం

నేను డయల్ చేశాను, ఆవిడ మాట్లాడింది. తప్పు మాది, మీ పాలు చాలుతున్నాయి, మెల్లగా డబ్బా తగ్గించుకుంటూ రండి, తూకానికి రేపే రండి. ఒకామె నవ్వింది, నేనసలు మొదలుపెట్టలేదండీ, మీ మాట ఎవరు విన్నారు అంది. ఒకాయన బూతులు తిట్టాడు. వేబ్రిడ్జి అతను, చూశారా అన్నాడు. ఇంకొకామె, ఈ ముక్క మా అత్తగారికి చెప్పండి, ఫోన్ ఇస్తున్నాను అంది. డాక్టరమ్మ మొదట్నుంచీ మళ్లీ చెప్పింది, మీ కోడలి తప్పేం లేదండీ అని మూడుసార్లు.

పది నంబర్లయ్యాయి. పదకొండోది మా ఇంట్లో ఉంది. అది నేనే చెప్పాలంది డాక్టరమ్మ.

రాత్రి అన్నాల దగ్గర చెప్పాను. అక్క మొత్తం వింది. నా అంకె, నా తువ్వాలు, నేను అన్న మాటలు. చెయ్యి కడుక్కుని లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.

మార్చి 22

అక్క మాట్లాడటం లేదు. డాక్టరమ్మ చెప్పినవి కాగితం మీద రాసి మంచం మీద పెట్టాను. ఆకలి మరీ ముదరకముందే పట్టించు. ఒంటికి ఒళ్లు ఆనించి పడుకోబెట్టుకో. మగతగా ఉన్నప్పుడు ప్రయత్నించు. డబ్బా ఒక్కసారిగా ఆపకు. తీసుకుంది, చదివింది. నా వైపు చూడలేదు. బుడ్డోడు నాలుగుసార్లు తిరగబడ్డాడు. నాలుగోసారి ఆమె కూడా వాడితో పాటు ఏడ్చింది. గోడ ఇవతల నేను గుడ్డలు మడతపెడుతూ కూర్చున్నాను. మడిచినవే మళ్లీ మడిచాను.

మార్చి 25

నోట్లో పెట్టుకుని వదిలేశాడట. బావ చెప్పాడు. ఆమె నాకు చెప్పదుగా.

మార్చి 28, శుక్రవారం, ఉదయం 7:20

నిలబడే రాస్తున్నాను, పుస్తకం గోడకు ఆనించి. సంచీ తీసుకుందామని అక్క గదిలోకి ఒక అడుగు వేశాను. కదిలావంటే చంపుతా అంది. చప్పుడు రాకుండా, పెదాలతో. తొమ్మిది రోజుల తర్వాత నాతో అన్న మొదటి మాట.

పావుగంటగా అక్క దగ్గరే తాగుతున్నాడు. గుటకలు వినబడుతున్నాయి. ఒక కాలు లోపల, ఒక కాలు బయట. డ్యూటీకి లేటు.