ఎంపీ గారి చేతిలో వినతిపత్రం

నజ్మా ప్రాంతం, దోహా, ఖతార్

ఎంపీ గారికి,

వలసల బిల్లులో కూలీల మాట చేర్చాలని మేం పంపిన వినతిపత్రాన్ని విప్పి పట్టుకుని, నవ్వుతూ ఫొటో దిగి, ఫేస్‌బుక్‌లో పెట్టారు. బిల్లు మీద మాత్రం ఒక్క ముక్క రాయలేదు. వినతిపత్రం ఉన్నది చదవడానికా, ఫొటో దిగడానికా?

ఆ ఫొటోలో లస్మయ్య పేరూ, అతని కంపెనీ పేరూ స్పష్టంగా కనబడుతున్నాయి. ప్రపంచకప్ స్టేడియంలో రాడ్లు కట్టే మనిషి. మేనేజర్ పిలిచి, "ఈ సంతకం నీదేనా?" అని గద్దించాడట. ఇక ఇంటికి పంపేస్తారేమో. పేర్లు దాచుకుంటే అదేం పోరాటమని వాదించి రాయించింది నేనే.

ఫొటో వెంటనే తీసేయమని రాయబోతుంటే లస్మయ్యే వచ్చి అడ్డుపడ్డాడు.

"తియ్యనియ్యకు సారూ. ఎంపీ చేతుల కొడుకు పేరున్నదని మా అవ్వ ఊరంత సూపిస్తున్నది."

"మరి నౌకరీ?"

"గదే సమజైతలేదు. సదువుకున్నోనివి, నువ్వే చెప్పు."

నాకూ అర్థం కావడం లేదు. ఫొటో సంగతి అలా ఉంచి, ముందు ఆ కాగితం చదవండి. ఫిర్యాదు చేశాడని కంపెనీ వెళ్లగొట్టే కూలీకి మన ప్రభుత్వం అండగా నిలవాలన్నదే అందులో మా మొదటి కోరిక.

ఈసారి పేరు రాయాలో వద్దో తేల్చుకోలేని,
మీ ఓటరు