అత్తను ఎక్కించుకోలేని బండి

జిల్లా ముఖ్య పాలనాధికారి గారికి, కియాంజా ఊరి నివాసి, ఉపాధ్యాయ శిక్షణ కళాశాల అధ్యాపకురాలు నకలెంబె రెబెక్కా వ్రాసుకున్న అర్జీ.

విషయం: పడమటి కొండ జిల్లాలో విజయవంతమైన ప్రసవ మోటారుసైకిలు పథకాన్ని మా ఊళ్ళో అక్షరం మార్చకుండా అమలు జరిపినందువల్ల కలిగిన నష్టం, అందుకు బాధ్యులకు తగిన శాస్తి గురించి.

అయ్యా,

1. సదరు పథకం ప్రకారం, నొప్పులు మొదలైన స్త్రీని ఒక యువకుడు తన వెనక కూర్చోబెట్టుకుని ఆసుపత్రికి చేర్చవలెను. అతడు అదే ఊరివాడై ఉండవలెను. వేరొకరు బండి ముట్టరాదు. ఈ నియమాలు కొండ జిల్లాలో ఎందరో తల్లులను బతికించాయని నివేదికలో చదివాను, నమ్ముతున్నాను. పథకం మీద నాకు కక్ష లేదు. కక్ష వేరేచోట ఉంది, ఐదో అంశంలో మనవి చేస్తాను.

2. మా ఊరికి నియమితుడైన కల్యాంగో మంచి కుర్రవాడు. మా చెల్లెలు నండావులాకు అల్లుడు. మా గాండా జాతివారి ఇళ్ళలో అత్తా అల్లుడూ ఎదురుపడరనీ, ఒకరినొకరు తాకితే చేతులు వణికే జబ్బు పట్టుకుంటుందని భయపడతారనీ తమకు తెలుసు. అయినా దస్త్రంలో ఉండాలి గనుక వ్రాస్తున్నాను. భార్య తల్లి ఒక్కతే కాదు, ఆమె అక్కచెల్లెళ్ళు, పినతల్లి కూతుళ్ళు అందరూ అత్తలే. ఊళ్ళో సగంమంది ఆడవాళ్ళు కల్యాంగోకు ఆ వరస.

3. గత వానాకాలంలో నండావులాకు నొప్పులు వచ్చాయి. కూతురి పెళ్ళయ్యాక తల్లికి కడుపు రావడం మా వైపు వింతేమీ కాదు. కల్యాంగో బండి తెచ్చి అరటితోట దగ్గర ఆపి, ముఖం అటు తిప్పుకుని నిలబడ్డాడు.

"మా అత్తగారితో చెప్పండి, కళ్ళు మూసుకునైనా నడుపుతాను" అన్నాడు.

అంత నొప్పిలోనూ మా చెల్లెలు నవ్వింది. "కళ్ళు మూసుకుంటే ఇద్దరం బురదలో ఉంటాం. అల్లుడి నడుము పట్టుకుని నేను బయటపడి, రేపు అతని చేతులు వణికితే నా కూతురికి తిండెవరు పెడతారక్కా?" అంది.

నడిచింది. ఆమె వెనక్కి చూస్తే కనబడనంత దూరంలో అతను ఇంజను ఆపి, బండిని తోసుకుంటూ వచ్చాడు. బిడ్డ దారిలోనే పుట్టాడు. ఏడవలేదు.

4. జబ్బు నిజంగా వస్తుందా అంటే, తరగతిలో రాదనే చెబుతాను. ఆ పూట గద్దించి ఎక్కిస్తే ఎక్కేదా? తెలియదు. అల్లుడు గుమ్మంలో కనబడితే నా కాళ్ళు కూడా వాటంతటవే పెరట్లోకి పోతాయి. తెలిసిందల్లా ఒకటే. పక్క ఊరి బండి నడిపేవాడు మాకు ఏ వరసా కాడు. ఇద్దరినీ ఊళ్ళు మార్చుకోమంటే సరిపోయేది. పథకం మొదలైన రోజే మా ఊరి ఆడవాళ్ళు ఈ మాట అడిగారు.

5. అడిగింది పథకం విస్తరణాధికారి సెబదుకా గారిని. వారు పరాయివారు కారు. మా పెద్దక్క ఎఫ్రాజియాకు అల్లుడు, అంటే నాకూ అల్లుడే. బిడ్డను పాతిపెట్టాక వారి గదికి వెళ్ళాను. నన్ను చూడగానే వారు కుర్చీని గోడవైపు తిప్పుకున్నారు. నేను తలుపు చాటున నిలబడ్డాను. ఇద్దరం మర్యాద తప్పలేదు.

గోడను చూస్తూ వారు అన్నారు: "అమ్మా, ఇవన్నీ పాతకాలపు పట్టింపులు. జనం మారాలి గాని పథకాన్ని మారుస్తామా? మీ ఒక్క ఊరికి మారిస్తే రేపు ప్రతి ఊరూ అడుగుతుంది."

"ఒక్కసారి ఇటు తిరిగి ఆ మాట చెప్పండి బాబూ" అన్నాను.

తిరగలేదు.

6. ఇప్పుడు మాది సహకరించని ఊరని వ్రాసి బండి తీసుకుపోతామంటున్నారు. ఇదే పథకాన్ని ఇదే విధంగా మరికొన్ని జిల్లాలకు మోసుకుపోవడానికి సెబదుకా గారికి పదోన్నతి ఇస్తున్నారని వినికిడి. మా పినతల్లి కూతురికి నెలలు నిండుతున్నాయి. ఆసుపత్రి దాకా నడక ఇప్పటినుంచే అలవాటు చేసుకుంటోంది.

కావున తమరు,

(అ) బండ్లు నడిపే ఇద్దరినీ తక్షణం ఊళ్ళు మార్పించవలెను.

(ఆ) పదోన్నతికి ముందు సెబదుకా గారు తమ అత్తగారిని, అనగా మా పెద్దక్కను, వెనక కూర్చోబెట్టుకుని సంతరోజున, పట్టపగలు, సంత నడిమధ్యనుంచి ఆసుపత్రి దాకా బండి నడిపి చూపించవలెను. నడుము గట్టిగా పట్టుకుంటానని అక్క మాట ఇచ్చింది.

మొదటిది తీరితే రెండోది వదిలెయ్యడం న్యాయమని నాలో ఒక మనసు అంటోంది. దానితో చాలా వాదించాను. వదలను.

చిత్తగించవలెనని వ్రాయడం ఆనవాయితీ. చెల్లెలి పేరున అడుగుతున్నాను, చిత్తగించండి.

వచ్చే సోమవారం దాకా తమ విధేయురాలు,
నకలెంబె రెబెక్కా

తా.క.: సోమవారం తమ కచేరీ తెరిచే వేళకు మేము అక్కచెల్లెళ్ళం, పినతల్లి కూతుళ్ళం, చాపలల్లే ఆకు తెచ్చుకుని సెబదుకా గారి గది గుమ్మంలో కూర్చుంటాం. అరవం. ఎవరినీ ఆపం. తమరూ తమ సిబ్బందీ మా పక్కనుంచి నిక్షేపంగా వెళ్ళవచ్చు. అత్తలను దాటుకుని లోపలికి పోలేనివారు ఒక్కరే ఉన్నారు. ఉత్తర్వు మీద సంతకం పడేదాకా చాపలు అల్లుతూనే ఉంటాం. జనం మారాలని వారే అన్నారు గనుక, మొదట వారు మారినా మాకు అభ్యంతరం లేదు.

ఆ గదికి వెనకవైపు కిటికీ ఒకటి ఉంది. చూసుకునే వచ్చాను. దాని కింద నండావులా కూర్చుంటుంది.