గడ్డికి తల దువ్విన బ్లేడ్లు

ఏవండీ, అక్కయ్యని బస్సెక్కించడానికి వెళ్తున్నాను. సాయంత్రానికి వచ్చేస్తాను. ట్రాక్టర్ వెనక గడ్డి కోసే మిషన్ బ్లేడ్లు రెండూ విప్పి షెడ్డులో బల్ల మీద పెట్టాను. ఆకురాయితో ఇంకోసారి పదును పెట్టండి. రెండు కొసలూ సమానంగా అరగాలి. తర్వాత ఒక్కో బ్లేడునీ నడిమి బెజ్జం దగ్గర గోడ మేకుకి తగిలించి చూడండి. ఏ కొస కిందకి వాలితే దాన్ని ఇంకాస్త రుద్దండి. బిగించడం మాత్రం నేనొచ్చాకే. ట్రాక్టర్ తాళంచెవి నా సంచిలో ఉంది, ఇల్లంతా వెతక్కండి.

నిన్న మీరు బ్లేడ్లు తిరగేసి బిగించిన పుణ్యమా అని, బడి మైదానం అంతా తిరిగినా ఒక్క పరక తెగలేదు. గడ్డంతా బుద్ధిగా ఓ పక్కకి ఒరిగి పడుకుంది. వాచ్‌మన్ గేటు దగ్గర నిలబడి, "ఏమ్మా, గడ్డికి తల దువ్వుతున్నావా?" అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రేపు పిల్లల పరుగుపందేలు అక్కడే. పొద్దున్నే కోసెయ్యకపోతే ఇంక మనల్ని పిలవరు.

చేతులకి తొడుగులు వేసుకోండి. వేలికి కట్టిన గుడ్డ కూడా మార్చండి. ఆ గాయాన్ని వీధంతా చూసింది, ఇక చాలు.

అన్నట్టు, బ్లేడ్లు తిరగేసింది నేనేనని అత్తయ్యగారితో చెప్పాను. "నా కొడుకైతే ఇలా చేసేవాడా!" అంటూ ఆవిడ మొహం వెలిగిపోయింది. పొద్దుటి నుంచి నాతో ఎంత ప్రేమగా మాట్లాడుతున్నారో! దయచేసి నిజం చెప్పి చెడగొట్టకండి.