పదికి మూడు కొడితే స్టారే

ఆదివారం రాత్రి, మిల్టన్ కీన్స్

ఈరోజు వాదనలో గెలిచింది నేనే. భోజనాలయ్యాక మళ్లీ మేం టీవీలో చూసే అమెరికా బేస్‌బాల్ టీమ్ గొడవే. ముప్పై మూడేళ్ల మా బ్యాటర్‌కి ఇంకో పెద్ద కాంట్రాక్ట్ ఇవ్వాలా, లేక అతన్ని వేరే టీమ్‌కి ట్రేడ్ చేసి బదులుగా ఇద్దరు కుర్రాళ్లను తెచ్చుకోవాలా?

"వయసైపోతోంది. డబ్బు దండగ, పంపించెయ్యాలి" అన్నాడు మా ఆయన శ్రీధర్.

పక్కింటి మూర్తి అంకుల్‌కి క్రికెట్ తప్ప వేరే ఆట తెలియదు. ఆ బ్యాటర్ లెక్కలు చూసి ఆశ్చర్యపోయారు. "ఇదేంటమ్మా, పదిసార్లు బ్యాటింగ్‌కొస్తే ఏడుసార్లు అవుటవుతున్నాడు! వీడికి ఇంత జీతమా?"

"ఈ ఆటలో పదికి మూడుసార్లు కొడితే స్టారే అంకుల్. మిగతా ఏడుసార్లకీ భయపడకుండా మళ్లీ వచ్చి నిలబడతాడు చూడండి, జీతం దానికి" అన్నాను. అంకుల్ ఒప్పుకున్నారు. శ్రీధర్ ఒప్పుకోలేదు.

అంకుల్ వెళ్లాక గిన్నెలు తుడుస్తూ శ్రీధర్ నెమ్మదిగా మొదలెట్టాడు. "నీ డ్రైవింగ్ టెస్ట్ మూడుసార్లు పోయింది కదా. లెసన్స్ కొన్నాళ్లు ఆపేద్దామా? డబ్బు దండగ."

ఇందాక బ్యాటర్‌ని అన్న మాటే మళ్లీ అంటున్నట్టు అతనికి తెలియనే లేదు. నాకు ఒళ్లు మండింది.

"నన్ను ఏ టీమ్‌కి ట్రేడ్ చేద్దామనుకుంటున్నావు?"

నవ్వాడు. నేను నవ్వలేదు. కాసేపటికి తనే వచ్చి, "రేపు లెసన్ ఎన్నింటికి?" అన్నాడు.

పెద్ద రౌండబౌట్ కూడలి దగ్గర దారి ఖాళీగా ఉన్నా నేను ఇప్పటికీ భయపడి కారు ఆపేస్తాను. ఆ సంగతి అతనికి చెప్పలేదు, చెప్పను కూడా. అయినా నేను అవుటయింది మూడుసార్లే. మా బ్యాటర్ లెక్కన ఇంకా నాలుగు అవుట్లు నా చేతిలో ఉన్నాయి.