ఫ్రూకొస్ట్ అంటే ఏ పూట?

బెర్గెన్,
14 నవంబరు 2023

ఎయ్‌విండ్‌కు,

కుశలమే అనుకుంటాను. పేపర్లో ఫోటో చూశాను, కాస్త ఒళ్లు చేశావు. నా సంగతి అడగవు కాబట్టి చెప్పను.

ఆసుపత్రి వైద్య గ్రంథాలయంలో రోగుల సందేహాలకు పుస్తకాలు వెతికి జవాబు చెప్పే బల్ల దగ్గర ఇద్దరం కలిసి పనిచేశాం. ఆ బల్ల తీసేయించి, డెన్మార్క్ కంపెనీ దగ్గర ఆరోగ్య వెబ్‌సైటు కొని, మెషీన్‌తో మన నార్వే భాషలోకి మార్పించి, నువ్వు డైరెక్టరువయ్యావు. ఇప్పుడు దాన్ని పశ్చిమ తీరంలోని ఆసుపత్రులన్నిటికీ ఇవ్వడానికి గ్రంథాలయం తరఫున నా సంతకం కావాలంటున్నావు. పెట్టను. కారణం చిన్నదే, నీకూ అర్థమవుతుంది.

మీ సైటులో షుగరు మాత్రల పేజీ తెరువు. ఉదయపు తిండితో ఒకటి, ఫ్రూకొస్ట్‌తో ఒకటి వేసుకోమని ఉంది. డెన్మార్క్ వాళ్లకు ఫ్రూకొస్ట్ అంటే మధ్యాహ్న భోజనం. మనకు పొద్దుటి పలహారం. మాట రెండు భాషల్లోనూ ఉందని మెషీన్ దాన్ని ముట్టుకోలేదు. ఈ అనువాదం ఎవరు చూశారని మీటింగులో అడిగాను. మన భాషనే గొంతులో బంగాళాదుంప పెట్టుకుని మాట్లాడితే డేనిష్, దానికి చూసేదేముంది తల్లీ అన్నావు. అందరూ నవ్వారు. నవ్వినవాళ్లలో ఆ పేజీ చదివినవాళ్లు లేరు.

ఒక బస్సు డ్రైవరమ్మ చదివింది. ఆమె లెక్కలో రెండూ ఒకే పూట. రెండు మాత్రలూ పొద్దున్నే కాఫీతో మింగి డ్యూటీకి వెళ్లింది. సొరంగం దాటగానే షుగరు పడిపోయి చేతులు వణికాయి, కళ్లు మసకబారాయి. ఎలాగో బస్సు పక్కకు ఆపింది. వెనక సీటు ముసలాయన తాగొచ్చావా ఏమిటమ్మా అని తిట్టబోయి, ఆమె చెమటలు చూసి, తన జ్యూసు డబ్బా నోటికి పట్టాడు. ఆమె బతికింది. బస్సులోవాళ్లూ బతికారు.

మీ ఆఫీసుకు రాశాను. చదివేవాళ్లకు కాస్త ఇంగితం ఉండాలి కదండీ అని జవాబొచ్చింది. ఇంగితం రోగుల దగ్గర, జీతాలు మీ దగ్గర. బాగుంది ఏర్పాటు.

పేజీ ఇవాళ్టికీ అలాగే ఉంది. ముందు అది తీయించు. సంతకం మాట ఆ తర్వాత కూడా ఎత్తకు.

ఇట్లు,
టోరున్

తా.క.: ఆ డ్రైవరు మీ అక్క గున్‌వోర్. తమ్ముడు పెట్టించిన సైటులో తప్పెందుకు ఉంటుంది, నేనే సరిగా చదవలేదని డాక్టర్లకు చెప్పిందట. ఈ సంగతి మీ తమ్ముడికి రాయనా అని ఆమెను అడిగాను. రాయి, నా పేరు మాత్రం చివర పెట్టు అంది. ముందే చూస్తే వాడు నాకు ఫోన్ చేసి పలకరించి ఊరుకుంటాడు, పేజీ సంగతి చదవడు అంది.