లాలిబెలాలో ఒంటి బూటు

ఆదివారం రాత్రి, నేపర్‌విల్

ఇథియోపియాలో చివరి రోజంతా లాలిబెలాలోనే గడిచింది. కొండరాతిని పైనుంచి కిందికి తొలిచి కట్టిన చర్చిలు చూశాం. లోపలికి వెళ్ళాలంటే బూట్లు విప్పాలి. నేను ఒకటి గుమ్మం దగ్గర, రెండోది దూరంగా గోడ వారన వదిలాను. బయటికొచ్చేసరికి గైడ్ కంగారుగా వెతుకుతున్నాడు.

"సార్, మీ రెండో బూటు ఎవరో ఎత్తుకుపోయారు!"

విడివిడిగా వదిలితే దొంగ ముట్టుకోడని, పెళ్ళయినప్పటి నుంచి ఏ గుడికెళ్ళినా సుధ నాచేత అలాగే చేయించేది. ఇక్కడ అమెరికాలో, మా పక్కూరు అరోరాలోని గుడిలో కూడా. ఆ మాట చెబితే గైడ్ పగలబడి నవ్వాడు.

"మేడమ్ పోలీసా సార్?"

నేనూ నవ్వాను. సుధ పోయాక అలా నవ్వడం అదే మొదలు. వెంటనే ఏదో తప్పు చేసినట్టనిపించింది.

ఇవాళ ఇంటికి చేరి అమ్మాయికి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను.

"నా పెళ్ళిలో నా హీల్స్ కూడా విడదీసింది నాన్నా! ఒకటి దొరకనే లేదు," అని నవ్వింది. అంతలోనే గొంతు మారింది. "అమ్మ పేరెత్తితే మీరు బాధపడతారని ఇన్నాళ్ళూ ఊరుకున్నాను."

నేనూ అందుకే ఊరుకున్నానని చెప్పలేకపోయాను. జెట్‌లాగ్, పడుకుంటానని పెట్టేశాను.

అలా పెట్టేయాల్సింది కాదు. నిద్ర రావడం లేదు, గదిగదికీ తిరుగుతున్నాను.

పొద్దున్నే అమ్మాయి ఉండే ఫార్మింగ్టన్ హిల్స్‌కి డ్రైవ్ చేస్తాను. ముందుగా ఫోన్ చేస్తే మళ్ళీ ఏదో సాకు చెబుతాను. అమ్మాయి తలుపు తీయగానే సుధ పేరుతోనే మాట మొదలుపెడతాను.